ఎడమకాలి మేజోడు

సువా, ఫిబ్రవరి

మెరెవలేసి వదినకు,

ఇందుమూలముగా కడావు దీవి వాసులకు, ముఖ్యముగా వారిలో చాపలల్లువారికి, మరీ ముఖ్యముగా వారిలో నోరు పెద్దదైన ఒక వదినగారికి తెలియజేయునది ఏమనగా: విలికేసా అను నేను, చర్చికి గానీ పెళ్ళికి గానీ కాకుండా, ఒక మామూలు మంగళవారమునాడు బూట్లూ మేజోళ్ళూ తొడిగితిని. కుడికాలి మేజోడు ఎవరైనను విప్పవచ్చును. ఎడమకాలి మేజోడు విప్పుటకు పాస్టరుకు గానీ, పోలీసుకు గానీ, నన్ను వదిలిపోయిన మా ఆవిడకు గానీ అధికారము లేదు. ఇది నేటినుండి అమలులోనికి వచ్చును.

ఇక సంగతికొస్తాను. బస్సు నడపడం మానేశానని విన్నావు కదా. ఎక్కేవాళ్ళనూ దిగేవాళ్ళనూ చూసి చూసి విసుగొచ్చింది. ఇప్పుడు నేను రోగిని. కంగారుపడకు, జీతానికి రోగిని. ఇక్కడి వైద్య కళాశాలలో కొత్త పద్ధతి పెట్టారు. డాక్టరు చదివేవాళ్ళు ఒక మేడలో, నర్సులు ఇంకో మేడలో, మందుల చదువువాళ్ళు మరో మూల చదువుకుని, చివరికి ఆసుపత్రిలో ఒకరికొకరు ఎదురుపడితే పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుపోతున్నారట. అందుకని చదువుకునే రోజుల్లోనే నలుగురిని జట్టు కట్టి, ఒక మంచం చుట్టూ నిలబెట్టి, మాట్లాడుకోండి అంటున్నారు. ఆ మంచం మీద పడుకునేది నేను. నాకో కాగితం ఇస్తారు. ఈ ఏడాదంతా నేను షుగరు ముదిరిన రైతుని, కాళ్ళు తిమ్మిరి. ఆ కాగితంలో ఉన్నట్టు మూలగాలి. నిజంగా జబ్బున్నవాళ్ళను ఈ పనికి తీసుకోరు. ఇక్కడ రోగిగా ఉండాలంటే ఆరోగ్యంగా ఉండాలి. ఉన్నానని చెప్పాను.

నా జట్టులో ఎవరున్నారో విను. డాక్టరు చదివేది రాటూ ఎపేలి, మన ఊరి దొర పెద్దయ్యగారి మనవడే, ఆ ఇంటివాళ్ళను ఇక్కడ కూడా రాటూ అనే పిలవాలి. మందులు చదివేది అష్నీత, బా ఊరి పిల్ల. ఎముకలూ కండరాలూ పట్టి నడిపించే చదువు యోసేఫాది, సమోవా కుర్రాడు, తలుపులోంచి పక్కకు తిరిగితే గానీ పట్టడు. నర్సింగు మన ఉలమిలా. నీ కూతురు నన్ను ఇంట్లో బాబాయి అంటుంది, గదిలో మాత్రం "అయ్యా, మీ పేరేంటి?" అని అడుగుతుంది. నవ్వు ఆపుకోలేక చస్తున్నాను.

ఇంకో ముచ్చట. నాకు నిజంగానే ఒంట్లో బాగోకపోతే "ఇది ఆట కాదు" అనాలట. అనగానే అందరూ ఆగిపోయి, నిజం డాక్టరును పిలవాలి. మొదటిరోజే గుండె పట్టుకుని అన్నాను. యోసేఫా నన్ను చేతుల్లో ఎత్తుకుని వరండా దాకా పరిగెత్తాడు. తర్వాతి వారం మళ్ళీ అన్నాను. ఈసారి అష్నీత ఏడ్చింది. మూడోసారి అంటే ఎవరూ కదల్లేదు. పాఠం నడిపే సిస్టర్ వాసిటి "విలికేసా, ఇంకోసారి ఆ మాటన్నావంటే నిన్ను నేనే రోగిని చేస్తా" అంది.

చామదుంపలు పంపు. పోయినసారివి దూలాల్లా ఉన్నాయి.

ఇట్లు,
జీతగాడైన రోగి


కడావు, మార్చి

ఒరే విలీ,

నిన్ను పడుకోబెట్టి జీతమిచ్చేవాళ్ళు కూడా ఉన్నారా? మా ఇంట్లో పందిపిల్ల ఉంది, అది నీకంటే బాగా పడుకుంటుంది, దాన్నీ చేర్పించు. దూలాల్లాంటి దుంపలే మళ్ళీ పంపుతున్నా. నీ పళ్ళు ఊడిపోతే ఇంకో జబ్బు నటించొచ్చు.

ఫోను చేయమని అడగకు. కొండెక్కితే గానీ అది పలకదు, నా మోకాళ్ళు కొండను చూస్తేనే కూర్చుంటాయి.

విలీ, నీ చాటింపు చదివి ఊళ్ళోవాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మీ అన్న ఇనోకే కూడా మొదట మేజోడే తొడిగాడు. చలేస్తోందన్నాడు. ఎండాకాలం చలేంటయ్యా అంటే పాట ఎత్తుకునేవాడు. ఆ తర్వాత ఆసుపత్రి, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలు, ఆ తర్వాత పెట్టె. ఆ పెట్టెను పడవలోంచి దించినవాళ్ళలో నువ్వూ ఉన్నావు. నీ ఎడమకాలికి ఏమైందో రాయి. వేళాకోళం లేకుండా రాయి, అది నీకు చేతనైతే.

ఉలమిలా సంగతి కూడా రాయి. జట్టులో నోరు విప్పకపోతే మార్కులు రావని ఏడుస్తోంది. ఎలా విప్పుతుందిరా? పెద్దయ్యగారి ఇంటి మగపిల్లాడు మాట్లాడుతుంటే మన ఇంట్లో పుట్టిన ఆడపిల్ల మధ్యలో మాట్లాడటం నువ్వెప్పుడైనా చూశావా? వాళ్ళ నాన్న పోయినరోజు నర్సునవుతా అంది. అది నర్సు కాకపోతే ఇనోకే ఊరికే పోయినట్టు.

మీ వదిన


సువా, ఏప్రిల్

వదినా,

సరే, వేళాకోళం లేకుండా రాస్తాను.

అన్నకున్న షుగరే నాకూ ఉంది. అరికాల్లో పుండు ఉంది. ఎప్పుడు అయిందో తెలియదు, ఎందుకంటే నొప్పి లేదు. బస్సు మానేసింది విసుగొచ్చి కాదు. ఒకరోజు నౌసోరి వంతెన దగ్గర బ్రేకు తొక్కాననుకున్నాను, తొక్కలేదు. కాలు ఎక్కడుందో కాలికే తెలియలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రమే తాళాలు ఇచ్చేశాను.

ఆసుపత్రికి వెళ్ళమంటావు. ఇనోకే అన్న చెప్పులు ఇంకా నీ గుమ్మం ముందే ఉన్నాయి కదా, రెండూ. నేను వెళ్ళను. నా దగ్గర ఇంకో ఉపాయం ఉంది. రేపు డాక్టర్లూ నర్సులూ కాబోయేవాళ్ళు నలుగురు వారంవారం నా చుట్టూ చేరతారు. కత్తి మాత్రం ఉండదు. నిజంగా వాళ్ళ జట్టు పద్ధతి పనిచేసేదైతే, నేను చెప్పకుండానే వాళ్ళు కనిపెట్టాలి. కనిపెడితే, నా కాలిని చూసింది సొంత పిల్లలే అనుకుని ఆసుపత్రికి వెళ్తాను. ఇది పందెం అనుకో.

మొన్న ఏమైందంటే, ఎపేలి నా పాదాల దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. మంచి కుర్రాడే, నెమ్మది. మేజోడు మీంచే వేలితో నొక్కాడు.

"ఇక్కడ తెలుస్తోందా?"

"తెలుస్తోంది రాటూ. మీ తాతగారి మామిడిచెట్టు ఎక్కినప్పుడు ఆయన తగిలించిన బెత్తం దెబ్బ ఇంకా తెలుస్తోంది."

యోసేఫా నవ్వాడు. అష్నీత, "మేజోడు విప్పి చూద్దామా?" అంది.

"ఎందుకు? పాదం మీద పుండు లేదని కాగితంలోనే ఉంది. టైము అయిపోతుంది" అన్నాడు ఎపేలి.

ఉలమిలా అతని వెనక నిలబడి ఉంది. దాని ముక్కుపుటాలు అదరడం చూశాను వదినా. మేజోడు ఎంత ఉతికినా ఆ వాసన పోదు. దాని చెయ్యి నా కాలివైపు లేచింది. కానీ దాని చేతికీ నా కాలికీ మధ్యన ఎపేలి తల ఉంది. రాటూ తల మీదుగా చెయ్యి ఎలా చాపుతుంది? పక్కనుంచి వద్దామంటే గోడ. చెయ్యి దించేసింది. నీళ్ళు తెస్తానని నడుం వంచి "తిలౌ, తిలౌ" అని మన్నింపు అడుక్కుంటూ బయటికి వెళ్ళింది.

దానికి నువ్వేమీ చెప్పకు. నిజంగా జబ్బు ఉందని తెలిస్తే నా పని పోతుంది, అది తెలిసీ ఎవరికీ చెప్పకుండా దాస్తే దాని చదువు పోతుంది. తెలియకపోవడమే దానికి మంచిది.

విలికేసా


కడావు, మే

విలీ,

పందెమంట. సిగ్గులేదు నీకు? పిల్లలు ఇల్లు కట్టడం నేర్చుకుంటుంటే నువ్వు వాళ్ళ చేతికి నీ ప్రాణం ఇచ్చి, దాన్నీ గోడలో పెట్టండి అంటావా?

ఆసుపత్రికి వెళ్ళు. ఇనోకే ఆలస్యంగా వెళ్ళాడు కాబట్టి పోయాడు. ఆసుపత్రికి వెళ్ళినందుకు కాదు. ఈ ముక్క నీ బుర్రకు ఎక్కించడానికి నేనే పడవెక్కి రావాలా?

ఉలమిలాకు చెప్పనులే. ఎవరికీ చెప్పను. నీ మాట నా దగ్గరే ఉంటుంది.

మెరెవలేసి


సువా, జులై

వదినా,

పందెంలో ఓడిపోతున్నాను. పందెం ఉందనే ఆ పిల్లలకు తెలియదు.

ఈసారి పద్ధతి మార్చారు. ఒక్కొక్కళ్ళూ విడిగా వచ్చి నాతో మాట్లాడాలి, తర్వాత నలుగురూ కలిసి కూర్చుని నాకు ఏం చేయాలో తేల్చాలి. నేను కాగితం పక్కన పడేశాను. ఒక్కొక్కళ్ళకు ఒక్కో నిజం ఇచ్చాను. అష్నీతతో, "అమ్మా, మాత్రలు మానేసి చాలాకాలమైంది, ఆకు పసరు తాగుతున్నా" అన్నాను. యోసేఫాకు బ్రేకు సంగతి చెప్పాను. ఎపేలితో రాత్రిళ్ళు చలిజ్వరం వస్తోందన్నాను. ఉలమిలాకు ఏమీ చెప్పలేదు. దానికి ముక్కు ఉంది. ఆ నాలుగూ ఒకచోట పెడితే గుడ్డివాడికి కూడా నా పాదం కనిపిస్తుంది.

నలుగురూ కూర్చున్నారు. నేను మంచం మీంచి వింటున్నాను.

"ఆయన మాత్రలు..." అని అష్నీత మొదలుపెట్టింది.

"డోసు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు ఎపేలి. "ఆయన వేళాకోళం మనిషి. నాతో జ్వరం అన్నాడు, కాగితంలో జ్వరమే లేదు."

"నాతో బస్సు గుద్దబోయానన్నాడు. రైతుకు బస్సెక్కడిది?" అని యోసేఫా నవ్వాడు.

"ఉలమిలా, నీవైపు నుంచి?"

"నావైపు నుంచి అంతా బాగానే ఉంది రాటూ."

చివరికి నేను తీపి తగ్గించాలని తీర్మానించారు. సిస్టర్ వాసిటి మెచ్చుకుంది. అన్ని జట్లలోకీ ఇదే మర్యాదైన జట్టట. ఒకరి మాటకు ఒకరు అడ్డు రాలేదట.

అరికాలు నల్లబడుతోంది. నవ్వించే ముక్క ఏదైనా రాద్దామని చాలాసేపు కూర్చున్నాను. ఏదీ దొరకలేదు. వచ్చేవారం వాళ్ళకు పరీక్ష. అది అయ్యాక చూస్తాను.

విలి


కడావు, జులై

విలీ,

పరీక్ష దాకా ఆగకు. ఈ ఉత్తరం అందిన రోజునే వెళ్ళు. నీ దగ్గర్నుంచి నవ్వులాట లేని ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. దాన్ని చేత్తో పట్టుకోవాలంటేనే భయమేస్తోంది.

వదిన


సువా, ఆసుపత్రి, ఆగస్టు

వదినా,

నీ ఉత్తరం ఇంటికి వచ్చేసరికి నేను ఇక్కడున్నాను. కాలు పోయింది. మోకాలి కిందికి తీసేశారు. ఏడవకు, ముందు ఇది పూర్తిగా చదువు. నేను బతికే ఉన్నాను. బతికి ఉండటానికి కారణం నీ కూతురు.

పరీక్ష రోజు పొద్దుటినుంచే ఒళ్ళు కాలిపోతోంది. అయినా వెళ్ళి పడుకున్నాను. ఎపేలి ఎప్పటిలాగే నా పాదాల దగ్గర కూర్చున్నాడు. చలికి మంచం గడగడలాడుతోంది. "ఇది ఆట కాదు" అన్నాను. ఎపేలి నవ్వి, బాగా చేస్తున్నారన్నాడు.

అప్పుడు ఉలమిలా, తిలౌ అని కూడా అనకుండా, రాటూ తల మీదుగా చెయ్యి చాపింది వదినా. చాపి, నా మేజోడు పట్టుకుని లాగేసింది. వాసనకు అందరూ ముక్కు మూసుకున్నారు. "ఇది ఆట కాదు. ఈయన మా బాబాయి. రాటూ, లేవండి" అంది. దాని గొంతు నువ్వు పందిని తరిమేటప్పటి గొంతులా ఉంది. ఎపేలి లేచాడు. అప్పుడు అష్నీత మాత్రల సంగతి చెప్పింది, యోసేఫా బ్రేకు సంగతి చెప్పాడు, ఎపేలి జ్వరం సంగతి చెప్పాడు. యోసేఫా నన్ను ఎత్తుకున్నాడు, ఈసారి నిజంగా. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాణ్ణి కానని ఇక్కడి డాక్టరు అన్నాడు.

ఉలమిలాకు మార్కులు ఎలా వచ్చాయని అడగకు. ఆ పిల్ల చాలా నలిగిపోయింది. ఆ రోజు గురించి దాన్ని ఏమీ అడక్కు, నేను చెప్పిందే చాలు.

ఒంటికాలి విలికేసా


కడావు, సెప్టెంబరు

నాయనా విలీ,

నీ కాలికోసం ఒక పూట ఏడ్చాను, నా కూతురికోసం రెండో పూట ఏడ్చాను. రెండూ ఒకే ఏడుపు కాదు. నీ ఉత్తరం చర్చిలో చదివించాను. పాస్టరు ఆదివారం ప్రసంగమంతా దాని చెయ్యి గురించే చెప్పాడు. ఆడవాళ్ళందరూ నా చేతులు పట్టుకున్నారు. ఇనోకే సమాధి మీద కొత్త చాప పరిచాను.

అయితే పెద్దవాళ్ళు ఆలోచనలో పడ్డారు. ప్రాణం నిలబెట్టింది, సరే, కానీ రాటూ తల మీదుగా చెయ్యి పోనిచ్చింది. అది ఊరికే వదిలేసేది కాదని నీకూ తెలుసు. సెలవులకు ఉలమిలా రాగానే ఆచారం ప్రకారం తిమింగలం పన్ను పట్టుకుని పెద్దయ్యగారి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగాలని తీర్మానించారు. నేను సంతోషంగానే ఒప్పుకున్నా. అంత పని చేసిన పిల్లకోసం ఎన్నిసార్లయినా వంగుతా.

నువ్వు ఏమంటావో రాయి.

వదిన


కడావు, నవంబరు

విలీ,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. నువ్వు ఊరుకున్నావంటే ఏదో ఉంది.

క్షమాపణకు వెళ్ళొచ్చాం. మన ఇంటి పెద్దాయన పన్ను రెండు చేతుల్లో పెట్టుకుని నేలచూపులు చూస్తూ అంతా చెప్పాడు. ఆడపిల్ల, ప్రాణభయంలో, తెలియక తల మీదుగా చెయ్యి చాపింది, మన్నించాలి అన్నాడు. పెద్దయ్యగారు మనవడివైపు తిరిగి, "జరిగిందా?" అని అడిగారు. ఎపేలి చాప మీంచి చూపు ఎత్తలేదు. "మన్నించాను తాతయ్యా" అన్నాడు. ఆయన పన్ను తీసుకున్నారు, ఒప్పుకున్నట్టు చప్పట్లు చరిచారు. ఉలమిలా గుమ్మం దగ్గర నుదురు నేలకు ఆనించి ఉంది. అందరూ లేచాక కూడా లేవలేదు. మేం చేతులు పట్టి లేపాల్సి వచ్చింది.

కాలేజీ తెరిచారు. పడవ వచ్చింది, వెళ్ళింది. అది ఎక్కలేదు. వంటింట్లో పొయ్యి వెనకాల కూర్చుంటోంది. ఊళ్ళో పిల్లలు "ఆ రోజు ఏం చేశావో చెప్పక్కా" అని వస్తే లోపలికి పోతోంది. ఎందుకే అంటే, "నేను అక్కడ ఏమీ చేయలేదమ్మా" అంటుంది. వినయం అనుకున్నా ఇన్నాళ్ళూ.

నేనూ ఒకటి దాచాను. ఎవరికీ చెప్పనని నీకు రాసిన పూటే దానికీ రాశా. మీ బాబాయి కాలు మేజోడులో కుళ్ళిపోతోంది, గదిలో ఎలాగైనా విప్పించు, కానీ నేను చెప్పానని ఆయనకు తెలియనివ్వకు అని. దానికి మే నెల నుంచి తెలుసు విలీ. నువ్వు దాని ముక్కును నమ్ముకున్నావు, నేను నా ఉత్తరాన్ని నమ్ముకున్నా. ఇద్దరం కలిసి మోయలేనిది ఆ పిల్ల నెత్తిన పెట్టామేమో.

ఆ గదిలో ఏం జరిగింది? ఈసారి నాకు కథ వద్దు.

మెరెవలేసి


సువా, డిసెంబరు

వదినా,

నీ సెప్టెంబరు ఉత్తరం అందింది. అప్పుడే రాసి ఉంటే పన్ను పెట్టెలోనే ఉండేది. కలం పట్టుకునేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి.

జ్వరం నిజం. చలికి మంచం ఊగడం నిజం. ఇది ఆట కాదు అని నేనన్నది నిజం, ఒకసారి కాదు, గొంతు పోయేదాకా అన్నాను. ఎపేలి నవ్వింది నిజం. అష్నీత నా మీద దుప్పటి సర్ది, చాలా సహజంగా ఉందంది. నీ కూతురు చెయ్యి లేచింది. అతని జుట్టుకు జానెడు పైన ఆగింది. అది నా కళ్ళలోకి చూసింది. దానికి తెలుసని ఆ చూపులోనే అనిపించింది, ఎలా తెలుసో నీ ఉత్తరం చదివాక తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకుని పక్కకు దించుకుంది. గంట మోగింది. నలుగురూ నాకు చప్పట్లు కొట్టి పక్క గదికి వెళ్ళారు. నన్ను మెచ్చుకోవడానికి సిస్టర్ వాసిటి వచ్చేసరికి నాకు స్పృహ లేదు. మేజోడు విప్పింది ఆసుపత్రిలో ఎవరో. నాకు పేరు తెలియదు.

కళ్ళు తెరిచేసరికి ఉలమిలా నా మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా ఉంటే దాన్నే చూస్తోంది. "బాబాయీ, నేను..." అని ఆగిపోయింది. ఆ పిల్లకు ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. నా దగ్గర ఎప్పుడూ ఉండేవి అబద్ధాలే. అందుకే నీకు అలా రాశాను. తల్లి మెచ్చుకుంటే అది మళ్ళీ లేచి నిలబడుతుందనుకున్నాను. నువ్వు చర్చిలో చదివిస్తావని, పెద్దవాళ్ళు పన్ను తీస్తారని, చేయని దానికి అది నేలకు నుదురు ఆనిస్తుందని నాకు తట్టలేదు.

ఎపేలి నిజం చెప్పి ఉంటే ఉలమిలా అబద్ధాలకోరు అయ్యేది. ఉలమిలా చెప్పి ఉంటే ఎపేలి ఒక మనిషి చావబోతుంటే నవ్వినవాడు అయ్యేవాడు. ఇద్దరూ ఊరుకున్నారు. ఏడాదంతా ఆ పిల్లలు నా మంచం చుట్టూ నేర్చుకున్నది అదొక్కటే, అందులో బాగా కుదిరారు.

పడవ మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని ఎక్కించమని అడిగే ముఖం నాకు లేదు. ఈ ఉత్తరం దానికి చూపిస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. ముందు చర్చిలో మాత్రం ఇదీ చదివించు. నేను నీకు రాసినవాటిలో పుండు నిజం, వాసన నిజం, కాలు పోవడం నిజం. దాని చెయ్యి అతని తల దాటడం, ఆ తర్వాత గదిలో జరిగిందన్నదంతా నేను కల్పించింది.

విలి